జైతూన్ ఆపా హజ్ డబ్బు

పోయిన ఏడాది సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం. ఆ మధ్యాహ్నం గోంగూర రొయ్యలు, అన్నం, ఉల్లిపాయలు కోసిన పెరుగు తిన్నాం. అన్నాలయ్యాక జైతూన్ ఆపా చేతులు తుడుచుకుని, రెండు చెక్కులు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి మా అబ్బాయి తౌసిఫ్ ముందు, రెండోది నా స్నేహితుడు తిరుపతిరావు ముందు. చెరో లక్ష.

జైతూన్ ఆపా నా భార్య ముబీనాకు అక్క. ముబీనా పోయి ఆరేళ్లయింది. ఆపా భర్త అంతకు ముందే పోయాడు, పిల్లల్లేరు. భవానీపురంలో మా ఇంటి పక్క పోర్షన్‌లో ఉంటుంది. సరుకులు నేను తెస్తాను, వంట ఆమె చేస్తుంది. ముబీనా పోయిన మర్నాడు ఎవరూ ఏమీ అనుకోకుండానే ఈ ఏర్పాటు మొదలైంది. ఆ రోజుల్లో నేను తినకపోతే ఆమె కూడా తినకుండా కూచునేది. అందుకని తినేవాణ్ణి.

ఆపాకు హజ్‌కు సీటొచ్చింది. మా వీధి ఆడవాళ్లు ముగ్గురితో కలిసి దరఖాస్తు పెట్టింది, డ్రాలో పేరు తగిలింది. మొదటి వాయిదా కోసం చేతి గాజులు అమ్మేసింది. పామర్రులో అత్తగారింటి తాలూకు తన భాగం అమ్మితే వచ్చిన రెండు లక్షలు మిగిలి ఉన్నాయి. జనవరి నెలాఖరుకు ఇంకా కట్టాల్సింది రెండు లక్షల ఇరవై వేలు. ఆ ఇరవై వేలూ నేనిస్తానన్నాను. "చూద్దాంలే కరిముల్లా" అని ఊరుకుంది.

వడ్డీ పాపమని ఆపా ముట్టదు కనుక, ఆ డబ్బు ఉన్నది వడ్డీ రాని కరెంటు ఖాతాలో. నేనే తెరిపించాను. నేను పనిచేసిందీ బ్యాంకులోనే, గుమాస్తాగా చేరి ఆఫీసరుగా రిటైరయ్యాను. "ఆవిడకేం వ్యాపారం ఉంది సార్, కరెంటు ఖాతా ఎందుకు?" అని అడిగిన కొత్త మేనేజరు నా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టాడు. మంచివాడు.

"మా నాన్న బందరులో గాజులమ్మిన మనిషి" అంది ఆపా, చెక్కుల మీద వేలు ఆనించి. "వ్యాపారంలో లాభమొస్తే తిన్నాం, నష్టమొస్తే పస్తున్నాం. అందులో తప్పు లేదు. నాలుగు నెలలుంది. మీరిద్దరూ ఎప్పుడు చూసినా షేర్లంటూ కొట్టుకుంటారు కదా, ఆ కొట్టుకునేదేదో నా కోసం కొట్టుకోండి. కానీ అప్పు తెచ్చి కొనొద్దు. సారా కంపెనీలూ, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలూ వద్దు. ఉన్న డబ్బుతో కొనండి, ధరొస్తే అమ్మండి."

"సరే ఖాలా. చార్టు ఎట్లా చెబితే అట్లా పోతాను" అన్నాడు తౌసిఫ్.

"చార్టెవడ్రా? మీ షాపులో కొత్తగా చేరాడా?"

తిరుపతిరావు పడీ పడీ నవ్వాడు. అతనిది పామర్రు. కాలేజీలో నాతో చదువుకుని, తర్వాత కామర్స్ చెప్పి రిటైరయ్యాడు. కంపెనీ వార్షిక నివేదికలు కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ చదివే మనిషి. తౌసిఫ్‌కు గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్ల షాపుంది. వాడు కంపెనీ పేరు కూడా సరిగా చదవడు. ధర నిన్నెక్కడుంది, ఇవాళెక్కడుంది, ఎంత సరుకు చేతులు మారింది, అంతే చూస్తాడు.

"ఆ గీతలు చూసి కొనడం ఎట్లా ఉంటుందంటే అక్కయ్యా," అన్నాడు తిరుపతిరావు, "రోగిని చూడకుండా జ్వరం రాసుకున్న కాగితం చూసి మందివ్వడం."

"మాస్టారు రోగి వాళ్ల తాతగారి పెళ్లెప్పుడైందో కూడా కనుక్కునే రకం ఖాలా. ఈలోపు రోగి పోతాడు."

"పోవడాలూ గీవడాలూ మాట్లాడకండి నా డబ్బు మీద" అంది ఆపా. కానీ ఆమె మొహం వెలిగిపోతోంది. ఆ నవ్వు ముబీనా నవ్వులాగే ఉంటుంది, ఎడమవైపు కొంచెం ఎక్కువ.

*

పది రోజుల తర్వాత తిరుపతిరావు నన్ను వెంటబెట్టుకుని డెల్టాలోకి బయల్దేరాడు. రొయ్యల మేత తయారుచేసే కంపెనీ ఒకటి అతని కంట్లో పడింది. అప్పు దాదాపు లేదు, ఏటా అమ్మకాలు పెరుగుతున్నాయి, షేరు మాత్రం చవగ్గా ఉంది. ఆపా వద్దన్న వడ్డీ ఏ మూలైనా ఉందేమోనని అతను మూడేళ్ల నివేదికలు తిరగేశాడు. తన డబ్బుతో కొనేటప్పుడు కూడా అంత జాగ్రత్తపడడు. ఆపాకు పేరు చెబితే, "రొయ్య మక్రూహ్, తినకపోతేనే మంచిది అంటారు కొంతమంది" అని కాసేపు ఆలోచించి, "మనం అమ్మేది మేతే కదా, అయినా మొన్న గోంగూరలో వేసుకుని తిన్నదేమిటి" అని తనే తీర్పు చెప్పేసుకుంది.

పామర్రు దాకా బస్సులో వెళ్లాం. నిలబడే ప్రయాణం అనుకుంటే, నర్సింగు చదివే పిల్ల ఒకతె నాకు సీటిచ్చింది. పామర్రులో తిరుపతిరావు తమ్ముడి కారు తీసుకుని బంటుమిల్లి దారి పట్టాం. రోడ్డుకు రెండు పక్కలా పచ్చగా వరి, కాస్త దూరం పోగానే వరి ఆగిపోయి చెరువులు. నీళ్లు చిలికే ఏరేటర్లు తెల్లగా నురుగు లేపుతున్నాయి.

జాన్ పాల్ అనే రైతు తొమ్మిదెకరాల చెరువు కౌలుకు చేస్తున్నాడు. చెరువులో వేలాడగట్టిన తట్టను పైకి లాగి చూపించాడు. అందులో వేసిన మేత ఎంత మిగిలిందో చూసి రొయ్య ఆకలి లెక్కగడతారట. తట్ట నాకేసినట్టు ఖాళీగా ఉంది.

"ఈ మేత వేస్తే మిగల్చట్లేదండీ. చుట్టుపక్కల అందరూ ఇదే వేస్తున్నారు. డీలరు దగ్గర సరుకు దొరక్క వారం ఆగాల్సొస్తంది" అన్నాడు.

"వినపడిందా?" అన్నాడు తిరుపతిరావు నాతో, తను పెంచిన రొయ్యలైనట్టు. "వారం ఆగాల్సొస్తందట. ఇది ఏ గీతలో కనపడుతుందిరా కరీమూ?"

జాన్ పాల్ మాకు కొబ్బరిబోండాలు కొట్టించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ సాయంత్రం తిరిగొస్తూ తిరుపతిరావు కారులోనే ఒక పాత పాట అందుకున్నాడు. మర్నాడు ఆపా లక్షకూ ఆ కంపెనీ షేర్లు కొనేశాడు.

నవంబరులో కంపెనీ లెక్కలు వచ్చాయి. అతను అనుకున్నదానికన్నా బాగున్నాయి. లాభం పెరిగింది, కొత్త ఫ్యాక్టరీ కూడా కడుతున్నారు. ఆ రోజు షేరు ఉదయం కొంచెం పెరిగి, మధ్యాహ్నానికి పడింది. మర్నాడు పడింది. ఆ పై వారమూ పడింది.

తిరుపతిరావుకు ఇంట్లో కూచోబుద్ధి కాక, ఒకరోజు ఇద్దరం గవర్నర్‌పేట వెళ్లాం. తౌసిఫ్ షాపులో గాజుబల్ల వెనక నిలబడి ఎవరిదో ఫోను విప్పుతున్నాడు. అది పక్కనబెట్టి తన ఫోను మా వైపు తిప్పాడు.

"చూడండి మాస్టారూ. లెక్కలొచ్చిన రోజు నుంచి ధర పెరిగినప్పుడల్లా పెద్ద మొత్తంలో అమ్మకం పడుతోంది. ఎవడో పెద్దోడు బయటికి పోతున్నాడు. ఎందుకో నాకు తెలీదు. నాకనవసరం. మీరు కూడా ఇవాళే అమ్మేయండి. పన్నెండు వేలు నష్టం, అంతే. ఆగితే ఎక్కడి దాకా పోతుందో."

"ఎవడో అమ్మితే చెరువులో రొయ్య మేత తినడం మానేస్తుందా?"

"తింటుంది మాస్టారూ. శుభ్రంగా తింటుంది. షేరు పడుతుంది."

"ఒరే, ఎనభై ఎనిమిదికి అమ్మేస్తే మళ్లీ నూటిరవై ఎప్పుడవుతుంది? ఇంకా చవగ్గా దొరుకుతోంది. డబ్బుంటే ఇంకా కొనాల్సిన టైమిది."

"మాస్టారూ, మీరు చెప్పేది రెండేళ్ల సంగతి. ఖాలాకు ఉన్నది రెండు నెలలు."

తిరుపతిరావు ఆ రోజు అమ్మలేదు. వాడి మాట అర్థం కాక కాదు. ముప్పై ఏళ్లు పిల్లలకు బ్యాలెన్సు షీటు నిజం చెబుతుందని చెప్పినవాడు, గీతలు చూసి పరిగెత్తమంటే కాళ్లు రాలేదు. రోడ్డు దాటేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోడు.

డిసెంబరులో అసలు సంగతి పేపర్లో వచ్చింది. ఎక్కడో విదేశంలో ఒక పెట్టుబడి సంస్థ మూతపడుతూ, తన దగ్గరున్న షేర్లన్నీ ఉన్న ధరకు వదిలించుకుంటోందట. మేత కంపెనీ తప్పు ఏమీ లేదు. జాన్ పాల్ చెరువులో తట్ట అప్పుడూ ఖాళీగానే వస్తూ ఉండి ఉంటుంది.

*

జనవరి ఆఖరి వారంలో ఆపా ఇద్దర్నీ పిలిచింది. టీ పెట్టింది. తిరుపతిరావుకు షుగరని అతని గ్లాసు విడిగా కలిపింది. ఆ రోజు కూడా మర్చిపోలేదు.

తిరుపతిరావే ముందు చెప్పాడు. "అరవై రెండు వేలు మిగిలింది అక్కయ్యా. నిన్న అమ్మేశాను. ఒక్క రెండు మూడు నెలలు ఆగగలిగితే..." అని ఆపేశాడు. ఆగలేమని అందరికీ తెలుసు.

ఆపా మొహం పాలిపోయింది. గ్లాసు కింద పెట్టి, "నీ చేతిలో ఏముంది తిరుపతీ" అంది.

అప్పుడు తౌసిఫ్ ఫోను తీశాడు. వాడి మొహంలో ఆనందం ఆగడం లేదు. మాస్టారు బాధపడతాడని అంతసేపూ ఆపుకున్నాడు పాపం.

"ఖాలా, నా దగ్గర లక్షా అరవై వేలుంది. మాస్టారి అరవై రెండు కలిపితే రెండు లక్షల ఇరవై రెండు. రెండు వేలు మిగులు కూడా. పెట్టె సర్దుకో!"

నేను కుర్చీలోంచి లేచాను. తిరుపతిరావు "ఓరి నీ!" అని వాడి వీపు మీద చరిచాడు. తాను ఓడి కూడా ఒక మనిషి అంత మనస్ఫూర్తిగా సంతోషించడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆపా కొంగు కళ్లకద్దుకుంది. రెండు చేతులూ ఎత్తి పెదాలు కదిపింది. తర్వాత వాడి చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుని, మామూలుగా, సంతోషం కొద్దీ అడిగింది.

"లక్షకు అరవై వేలు ఎట్లా వచ్చిందిరా నాన్నా నాలుగు నెలల్లో?"

"ఒట్టి లక్షతో రాదు ఖాలా. పదిహేను, ఇరవై శాతం పెరిగే ఊపులు నాలుగైతే దొరికినాయి, కానీ అక్కడక్కడా దెబ్బలూ తగిలినాయి కదా. ఊపు గట్టిగా ఉందనుకున్నప్పుడు బ్రోకరు దగ్గర ఇంకో రెండు లక్షలు తీసుకుని కలిపాను."

"ఊరికే ఇచ్చాడా?"

వాడికి అప్పుడు తట్టింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"రోజుకింతని తీసుకున్నాడు. ఎంతో కాదు ఖాలా. మొత్తం మీద నాలుగు వేలు కూడా అవ్వలేదు."

"వడ్డీ."

"మనం తీసుకోలేదు కదా! కట్టాం. తింటే పాపం గానీ, కడితే పోయేది మనకేగా?"

"కట్టినా అంతే నాన్నా. ఇది మీ అమ్మ నీకు చిన్నప్పుడే చెప్పింది. నేనూ పక్కనే ఉన్నాను."

"ఇరవై వేలు లోటున్నప్పుడు మాస్టారి షేరు కూడా పడుతుంటే నేనేం చెయ్యను? ఒట్టి లక్షతో ఆడితే సరిపోదని నాకు కనపడుతూనే ఉంది. నీ కోసమే కదా ఖాలా చేసింది!"

"నా కోసమే చేశావు" అంది ఆపా. "నీ మీద నాకేం లేదు. నా లక్ష నాకిచ్చెయ్. ఆ అరవై వేలు ఎవరికన్నా అవసరమున్నవాళ్లకు ఇచ్చెయ్. పుణ్యమొస్తుందని ఇవ్వకు. ఊరికే ఇచ్చెయ్."

తౌసిఫ్ తలవంచుకున్నాడు. ముప్పై రెండేళ్లవాడు, చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పటిలా బొటనవేలితో బల్ల అంచు గీకుతూ కూచున్నాడు.

తిరుపతిరావు ముందుకు జరిగాడు. "అక్కయ్యా, అయితే పోయిన ముప్పై ఎనిమిది వేలూ నేనిస్తాను. కొన్నది నేను. అమ్మమన్నా వినిపించుకోనిది నేను."

"లాభమొస్తే ఇరవయ్యో ముప్పయ్యో తీసుకునేదాన్ని. నష్టమొస్తే నీ దగ్గర వసూలు చేస్తే అది వ్యాపారమెట్లా అవుతుంది? నా డబ్బుకు ఢోకా లేకుండా నీకు అప్పిచ్చినట్టవుతుంది. నష్టం నాది తిరుపతీ. దాన్ని నా దగ్గరే ఉండనియ్."

"పోనీ ఊరికే ఇచ్చాననుకో. తమ్ముడు ఇచ్చాడనుకో."

"ఎందుకిస్తున్నావో నీకూ తెలుసు, నాకూ తెలుసు కదయ్యా."

ఇక మిగిలింది నేను. తౌసిఫ్ సొంత డబ్బు ఇవ్వబోయినా కుదరదు, వాడి షాపు మీద లోనుంది. అది నేనే దగ్గరుండి ఇప్పించాను. "ఆపా, మొత్తం లోటెంతో అంతా నేను కడతాను. నా దగ్గరుంది" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది. "నీది నువ్వు ఉంచుకో కరిముల్లా. ముందు ముందు మందులకూ మాకులకూ కావాలి" అంది.

అంతే అంది. తౌసిఫ్ మాత్రం ఆగలేకపోయాడు.

"మా అబ్బా డబ్బు కూడా పనికిరాదా? బ్యాంకు జీతమనా? ఇన్నేళ్లూ ఈ ఇంట్లో తిన్నది ఆ జీతమే కదా ఖాలా! అమ్మ తిన్నదీ అదే!"

"తౌసిఫ్!" అన్నాను.

"తిన్నాను" అంది ఆపా. గొంతు పెంచలేదు. "పెట్టిన మనిషి మంచివాడు, తిన్నాను. మీ అమ్మా అంతే. కానీ మీ అమ్మ తన హజ్ కోసమని మిషను కుట్టి దాచింది విడిగా పెట్టుకునేది. ఎందుకో ఎప్పుడైనా అడిగావా?"

నేనూ అడగలేదు. ముబీనాకు కుట్టుపని సరదా అనుకున్నాను. కుట్టిన డబ్బు మీద ఆడవాళ్లకు అదో ఇష్టం అనుకున్నాను. ఆ డబ్బంతా చివరికి ఆసుపత్రిలో పోయింది. ముప్పై నాలుగేళ్లు నేను నెలనెలా తెచ్చి ఆమె చేతిలో పెట్టిన జీతాన్ని ఆమె కళ్లకద్దుకుని తీసుకునేది. నా ముందు ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. అది దయ అని ఆ రోజు దాకా నాకు తెలీదు.

తిరుపతిరావు లేచి, టీ గ్లాసులు తనే తీసుకెళ్లి సింకులో పెట్టాడు.

గడువు దాటింది. సీటు వెయిటింగులో ఉన్నవాళ్లెవరికో పోయింది. మొదటి వాయిదాలో కొంత కోసుకుని మిగతాది తిరిగొచ్చింది. వచ్చే ఏడు మళ్లీ పెడదామని నేనంటే, "మోకాళ్లను అడిగి చెబుతా" అంది. వచ్చే ఏటికి ఖర్చు ఎంతవుతుందో, పేరు తగులుతుందో లేదో ఇద్దరికీ తెలుసు. ఆమెకు అరవై తొమ్మిది.

ఆ అరవై వేలు తౌసిఫ్ మా వీధి ఊడ్చే తెరేసమ్మకు కంటి ఆపరేషనుకిచ్చాడు. ఎక్కడిదని చెప్పలేదు. ఇప్పుడామె దూరం నుంచే నన్ను గుర్తుపట్టి, "బాగున్నారా సార్" అని పలకరిస్తుంది. ఆ పలకరింపుకు సంతోషించకుండా ఉండలేను. తౌసిఫ్ ఫోనులో ఆ గీతలు చూడడం మానేశాడు. మానేశానని ఎవరికీ చెప్పలేదు, నేనే గమనించాను. తిరుపతిరావు మాత్రం ఇంకా నివేదికలు చదువుతూనే ఉన్నాడు. చదివి, ఇదివరకులా నాకు ఫోను చేయడం లేదు.

*

ఏప్రిల్ చివర్లో మా వీధి ఆడవాళ్లు ముగ్గురూ బయల్దేరారు. హైదరాబాదు బస్సు సాయంత్రం. పిల్లలు, మనవలు, మెడల్లో దండలు, అత్తరు వాసన, ఏడుపులు, నవ్వులు. ఎండ ఇంకా చల్లారలేదు. ఆపా వెళ్లొద్దేమో అనుకున్నాను. వెళ్లింది. ఒక్కొక్కళ్ల మందుల సంచీ విప్పి, ఏ మాత్ర ఎప్పుడో మళ్లీ చెప్పింది. ఒకామె చెప్పు తెగితే తన కాళ్లవి విప్పి ఇచ్చేసింది.

"అక్కడ నా పేరు చెప్పి దువా చెయ్యండే" అంది. ముగ్గురూ ఆమెను పట్టుకుని ఏడ్చారు. ఆమె ఏడవలేదు.

బస్సు కదిలాక, ఉత్త కాళ్లతో ఉన్న ఆమెకు ఎండలో కాగిన రోడ్డు తగలకుండా ఆటోను దగ్గరికి పిలిచాను. ఆటోలో కాసేపయ్యాక అడిగింది.

"తిరుపతి కొన్న ఆ మేత కంపెనీ ఇప్పుడెట్లా ఉంది?"

చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఆమెతో అబద్ధం ఆడడం చేతకాదు.

"పెరిగింది ఆపా. ఆ మూతపడే సంస్థ అమ్మకం ఫిబ్రవరిలోనే అయిపోయింది. తిరుపతిరావు కొన్న ధర దాటి చాలా పైనుంది. మన షేర్లు ఉండి ఉంటే, ఒట్టి ఆ లక్షే..."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్పి ఏం లాభమని."

"అతను నాకు మొహం చూపించక మూడు నెలలైంది. షేరు పెరిగితే అతని మాట నిజమైనట్టేగా. రేపు భోజనానికి రమ్మను" అంది. కొంతసేపటికి, "ఏం వండమంటావు?" అని నన్నే అడిగింది.

ఆమెకు కోపం రావాలని ఉంది నాకు. మా ముగ్గురిలో ఎవర్నో ఒకర్ని తిట్టాలని, ఏ ఒక్కరిదో తప్పని తేల్చాలని. తిరుపతిరావు చెప్పింది నిజమైంది, తౌసిఫ్ చెప్పింది అంతకు ముందే నిజమైంది. ఆమె ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. గుమ్మం మెట్టు మీద కూచుని పాదాలకు అంటిన దుమ్ము కడుక్కుంది. నీళ్లు నేను పోశాను. కాళ్లు తుడుచుకుని, "పొద్దున్నే పాలవాడొస్తే నావి కూడా పోయించు, నేను కాస్త ఆలస్యంగా లేస్తాను" అంది. నేనామెను ఎరిగిన ఇన్నేళ్లలో ఆమె ఆలస్యంగా లేవడం ఎరగను.

"సరే ఆపా" అన్నాను.

లోపలికి వెళ్లి లైటు తీసేసింది. తలుపు రెండు రెక్కలూ దగ్గరకు చేర్చి, కీచుమనకుండా అరచేత్తో ఆనించి పట్టుకుని, నిదానంగా మూసుకుంది.